సభ మాట – సారాంశ ధర్మం

పదిమంది కూర్చుని మాట్లాడుకున్న విషయాన్ని ఆ సభకు రాని పదకొండో వ్యక్తికి చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. చెప్పేవాడు అంతా చెప్పలేడు. కొంత విడిచిపెట్టాలి, కొంత తన మాటల్లోకి మార్చుకోవాలి, కొంతకు ముందు చోటు, కొంతకు వెనుక చోటు ఇవ్వాలి. ఈ ఎంపికలో ప్రతి అడుగూ ఒక తీర్పే. అయినా సారాంశం రాసేవాడిని మనం న్యాయమూర్తిగా ఎన్నడూ భావించలేదు. లేఖకుడనీ, గుమాస్తా అనీ అనుకుని ఊరుకున్నాం. సభలో మాట్లాడినవారు వెళ్లిపోతారు, విన్నవారు మరచిపోతారు, సారాంశం రాసిన కాగితం మాత్రం నిలుస్తుంది. కాలక్రమంలో సభ అంటే ఆ కాగితమే అవుతుంది.

ఈ పాత ప్రశ్న ఇప్పుడు కొత్త రూపంలో మన ముందుకు వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ ‘సభాసార్’ అనే సాధనాన్ని త్రిపుర రాష్ట్రంలో ప్రారంభించింది. గ్రామసభ జరిగినప్పుడు తీసిన దృశ్య, శబ్ద ముద్రణను దానికి అందిస్తే, అందులోని సంభాషణను అక్షరరూపంలోకి మార్చి, చర్చించిన అంశాలను, తీసుకున్న నిర్ణయాలను వేరుచేసి, సభా కార్యక్రమాల నివేదికను తయారుచేస్తుంది. భారతీయ భాషల కోసం 2022లో ప్రారంభమైన ‘భాషిణి’ వేదిక దీనికి ఆధారం. తెలుగుతో సహా మన ప్రధాన భాషలెన్నో ఇందులో చేరాయి. గంటల తరబడి సాగిన సభను రెండు పుటలకు కుదించే పనిని యంత్రానికి అప్పగించిన ఈ తరుణంలో, కుదించడమనే పనికి ఒక ధర్మం ఉందా, ఉంటే అది యంత్రానికి ఎలా వర్తిస్తుంది అన్న విచారణ అవసరమవుతున్నది.

ఇది కేవలం సాంకేతిక నిపుణుల ప్రశ్న కాదు. గ్రామసభలో ఒక వితంతువు తన పింఛను ఆగిపోయిందని చెప్పిన మాట నివేదికలో చేరితే దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఒక అధికారి మీద పడుతుంది. చేరకపోతే, కార్యాలయ దృష్టిలో ఆమె ఆ రోజు సభకు వచ్చినా రానట్టే. సారాంశంలో ఒక వాక్యం ఉండడానికీ, లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం ఆమె విషయంలో నెలనెలా వచ్చే బియ్యానికీ, మందులకూ సంబంధించినది.

పూర్వపక్షం నేర్పిన పాఠం

ఇతరుల వాదాన్ని కుదించి చెప్పడంలో మన దేశానికి సుదీర్ఘమైన అనుభవం ఉంది. శాస్త్రచర్చలో సిద్ధాంతి తన మతాన్ని స్థాపించడానికి ముందు ప్రత్యర్థి వాదాన్ని పూర్వపక్షంగా నిలపాలి. దాన్ని బలహీనపరచి చెప్పి, ఆ బలహీనమైన రూపాన్ని ఖండించడం గెలుపు అనిపించుకోదు. ప్రత్యర్థి తన నోట ఎంత బలంగా చెప్పగలడో అంత బలంగా అతని మాటను ముందు నిలపాలన్నది ఆ పద్ధతిలోని ఆదర్శం. ఇది మర్యాదకు సంబంధించిన నియమంగా కనిపించినా, నిజానికి జ్ఞానానికి సంబంధించిన నియమం.

ఈ ఆదర్శం ఉన్నా ఏమి జరగవచ్చునో చార్వాకుల చరిత్ర చెబుతుంది. బృహస్పతి పేరిట ప్రసిద్ధమైన వారి సూత్రగ్రంథం మనకు దక్కలేదు. చార్వాక దర్శనాన్ని గురించి మనం సామాన్యంగా తెలుసుకునేది 14వ శతాబ్దానికి చెందిన మాధవాచార్యుల ‘సర్వదర్శన సంగ్రహం’ వంటి గ్రంథాల ద్వారా. అందులో మొదటి అధ్యాయం చార్వాక మతానిదే. అయితే ఆ సంగ్రహకర్త చార్వాకుడు కాడు. ఆయన ఎంత నిజాయితీగా రాశాడన్న విషయాన్ని పోల్చి చూడడానికి మూలం మన చేతిలో లేదు. ఒక దర్శనం యావత్తూ దాన్ని అంగీకరించని వారి సారాంశాలలో మాత్రమే బతికి ఉన్నది. తనను తాను సమర్థించుకునే అవకాశం లేని స్థితిలో ఉన్నది.

తెలుగునాట దీనికి భిన్నమైన ఉదాహరణ ఉన్నది. కల్నల్ కాలిన్ మెకంజీ ఆధ్వర్యంలో కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి సేకరించిన కైఫియత్తులు మన స్థానిక చరిత్రకు పెన్నిధి. 1821లో మెకంజీ మరణించిన తరువాత, ఆ సేకరణకు హెచ్. హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో వివరణాత్మకమైన పట్టికను ప్రచురించాడు. విల్సన్ గొప్ప సంస్కృత పండితుడే గాని దక్షిణదేశపు భాషలతో ఆయనకు ఆ స్థాయి పరిచయం లేదు. చాలాకాలం పండిత లోకానికి ఆ సేకరణ ఈ పట్టిక ద్వారానే తెలిసింది. ఒక ఊరి వారు తమ చెరువును గురించి, గుడి మాన్యాన్ని గురించి, కరవును గురించి పుటల కొద్దీ చెప్పుకున్నది పట్టికలో ఒకటి రెండు పంక్తులైంది. కాని ఇక్కడ మూలం నిలిచింది. సి. పి. బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. మన కాలంలో కడప కైఫియత్తుల వంటి సంపుటాలు తెలుగులోనే అచ్చయ్యాయి. ఆ రెండు పంక్తుల వెనుక ఉన్న ఊరి గొంతును ఈనాటి పరిశోధకుడు మళ్లీ వినగలుగుతున్నాడు.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి సూత్రం దొరుకుతుంది. మూలం నిలిచిన చోట సారాంశంలోని లోపాన్ని దిద్దుకోవచ్చు. మూలం నశించిన చోట సారాంశమే తుది తీర్పు అవుతుంది. కనుక సారాంశకర్త ఎంత సమర్థుడైనా, మనిషైనా యంత్రమైనా, మూలాన్ని చేరుకునే దారి మూసివేసే హక్కు అతనికి లేదు.

చర్చలోని గమనాన్ని పట్టుకోవడం

సారాంశానికి సంబంధించిన రెండో సమస్యను మన రాజ్యాంగ పరిషత్తు చర్చలలో చూడవచ్చు. 1946 డిసెంబరు 9న తొలిసారి సమావేశమైన ఆ పరిషత్తు 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదనకు రాగా, వాటిలో 2,473 సవరణలను సభలో ప్రవేశపెట్టారు. సభ్యుల ప్రసంగాలను ఉన్నవి ఉన్నట్టుగా నమోదు చేసి సంపుటాలుగా ప్రచురించారు. అందువల్లనే ఒక నిర్ణయం ఎలా రూపుదిద్దుకున్నదో ఈ రోజుకీ మనం అడుగడుగునా పరిశీలించగలుగుతున్నాం.

గ్రామం విషయమే తీసుకుందాం. 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ భారతీయ గ్రామ వ్యవస్థను తీవ్రంగా విమర్శించారు. సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ అది నిలయమన్న అభిప్రాయాన్ని దాపరికం లేకుండా ప్రకటించారు. కులవ్యవస్థలో అట్టడుగున నిలబెట్టబడిన వారి అనుభవం ఆ మాటల వెనుక ఉన్నది. తరువాతి రోజులలో ఆచార్య ఎన్. జి. రంగాతో సహా అనేకులు ఆ అభిప్రాయంతో విభేదించారు. స్వాతంత్ర్యోద్యమపు ఆశయాలలో గ్రామానికి ఉన్న స్థానాన్ని గుర్తుచేశారు. నవంబరు 22న గ్రామ పంచాయతీల వ్యవస్థాపనను రాజ్యం చేపట్టాలన్న సవరణను శ్రీ కె. సంతానం ప్రతిపాదించగా, అంబేద్కర్ దానిని అంగీకరించారు. టంగుటూరి ప్రకాశం పంతులు ఆ సవరణను హర్షించిన వారిలో ఉన్నారు. అదే ఈనాటి 40వ అధికరణం.

ఇప్పుడు ఈ చర్చను కుదించే పని ఒకరికి అప్పగించామనుకుందాం. మొదటి రోజు ప్రసంగం ఆధారంగా ‘రాజ్యాంగ నిర్మాతలు గ్రామాన్ని తిరస్కరించారు’ అని రాయవచ్చు. చివరి రోజు ఫలితం ఆధారంగా ‘గ్రామ పంచాయతీలను సభ ఆమోదించింది’ అని రాయవచ్చు. ఏదో ఒక పుటకు ఈ రెండు వాక్యాలూ విధేయమైనవే. చర్చకు మాత్రం రెండూ ద్రోహం చేస్తాయి. మొదటిది సభ కదిలి వచ్చిన దారిని తుడిచివేస్తే, రెండోది గ్రామంలో అణచివేత ఉన్నదన్న హెచ్చరికను తుడిచివేస్తుంది. ఆ హెచ్చరిక వృథా పోలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పుడు గ్రామసభకు రాజ్యాంగబద్ధమైన స్థానంతో పాటు షెడ్యూల్డు కులాలకు, తెగలకు, మహిళలకు పంచాయతీలలో స్థానాల కేటాయింపు కూడా వచ్చింది. 1948లో వినిపించిన రెండు గొంతులూ నలభై అయిదేళ్ల తరువాత ఒకే చట్టంలో చోటు చేసుకున్నాయి. నెగ్గని మాట కూడా భవిష్యత్తుకు అవసరమవుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

కనుక చర్చ సారాంశమంటే చివరకు తేలిన ఫలితం ఒక్కటే కాదు. ఎవరు ఏ కారణంతో ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఏ మాట విని మనసు మార్చుకున్నారు, ఏ సందేహం తీరకుండా మిగిలింది అన్నవి కూడా సారంలో భాగమే.

లెక్కకు అందని కారణం

నిర్ణయాన్ని మాత్రం నమోదు చేసి కారణాన్ని వదిలివేసే అలవాటు కార్యాలయాలలో బలంగా ఉంది. ‘చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అన్న వాక్యం మన తీర్మానాల పుస్తకాలలో ఎన్నిసార్లు కనిపిస్తుందో చెప్పనక్కరలేదు. కారణం ఎంత ముఖ్యమో ఒడిశాలోని నియమగిరి వ్యవహారం తెలియజేసింది. అక్కడి బాక్సైటు గనుల ప్రతిపాదన మీద 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, అటవీ హక్కుల చట్టం ప్రకారం స్థానికుల హక్కులను, అందులోనూ వారి మత, సాంస్కృతిక హక్కులను గ్రామసభలే పరిశీలించాలని నిర్దేశించింది. ఆ సంవత్సరం జూలై, ఆగస్టు నెలలలో రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామాలలో సభలు జరిగాయి. పన్నెండూ గనుల తవ్వకాన్ని వ్యతిరేకించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతిని నిరాకరించింది.

పన్నెండుకు పన్నెండు అన్న అంకె క్లుప్తమైన సారాంశమే. కాని న్యాయస్థానం అడిగిన ప్రశ్నకు అంకె సమాధానం కాదు. ఆ కొండ తమకు ఎందుకు పూజ్యమైనదో, నియమరాజుతో తమ జీవనానికి ఉన్న సంబంధం ఏమిటో డోంగ్రియా కోందులు చెప్పుకున్న మాటలే అక్కడ సాక్ష్యం. ‘గ్రామస్థులు ప్రతిపాదనను వ్యతిరేకించారు’ అని ఒక్క వాక్యంలో కుదించి ఉంటే ఫలితం మిగిలేది గాని సాక్ష్యం పోయేది. ఇటువంటి సభను సంక్షేపించేటప్పుడు ఎంతమంది అన్నారన్న దానితో పాటు, ఏ మాట మీద ఏ హక్కు ఆధారపడి ఉన్నదన్నది కూడా కొలమానం కావాలి. వందమంది అన్న మాటను ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఒక్కడే అన్న మాటకు ఒక్కోసారి నాలుగు వాక్యాలు అవసరమవుతాయి.

యంత్రం కుదించే తీరు

యంత్రం చేత సారాంశం రాయించాలన్న ప్రయత్నం కొత్తది కాదు. ఐబీఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ఒక పద్ధతిని ప్రకటించాడు. వ్యాసంలో పదేపదే వచ్చే ముఖ్య పదాలను లెక్కించి, అవి దగ్గరదగ్గరగా గుమిగూడిన వాక్యాలను ఎంచి, వాటినే వరుసగా అందించే పద్ధతి అది. ఆ సారాంశం అతుకుల బొంతలా ఉన్నా అందులో ప్రతి వాక్యమూ మూల రచయితదే. ఎంపికలో పొరపాటు జరగవచ్చు గాని, అనని మాట అన్నట్టుగా చేరే ప్రమాదం లేదు.

ఈనాటి యంత్రాల తీరు వేరు. అపారమైన పాఠరాశి నుంచి భాషా సరళిని నేర్చుకున్న ఇవి, మూలాన్ని చదివి తమ సొంత వాక్యాలు కూర్చుతాయి. ఆ వాక్యాలు సాఫీగా, సభ్యంగా, నమ్మదగినట్టుగా ఉంటాయి. వీటి బలమూ, ప్రమాదమూ కూడా అక్కడే. మూలంలో ఖాళీ ఉన్నప్పుడు అక్కడ సామాన్యంగా ఏ మాట రావచ్చునో ఆ మాటను పూరించే స్వభావం వీటికి ఉన్నది. గ్రామసభలో నిధుల మాట వచ్చిందంటే సామాన్యంగా మంజూరు మాట వస్తుంది గనుక, జరగని మంజూరు నివేదికలో చేరవచ్చు. అతుకులు కనిపించే చోట పాఠకుడు జాగ్రత్త పడతాడు. అతుకు కనిపించనప్పుడు అనుమానించడానికి ఆధారమే ఉండదు.

మరొక విషయం గమనించదగినది. పొడవైన పాఠాన్ని ఇచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు, మొదట్లో, చివరలో ఉన్న సమాచారాన్ని ఉపయోగించుకున్నంత బాగా మధ్యలో ఉన్న సమాచారాన్ని అప్పటి భాషాయంత్రాలు ఉపయోగించుకోలేకపోయాయని 2023లో అమెరికన్ పరిశోధకులు వెల్లడించారు. ఆ తరువాత వచ్చిన యంత్రాలు ఈ లోపాన్ని తగ్గించుకుంటూ వస్తున్నాయి. అయినా మన సభల నిర్మాణాన్ని తలచుకుంటే ఈ హెచ్చరిక మరవరానిది. సభ మొదట్లో సర్పంచి, అధికారులు మాట్లాడతారు. చివర తీర్మానాలు, వందన సమర్పణ ఉంటాయి. సామాన్యులు నోరు విప్పేది మధ్యలోనే.

పల్లె మాటలోని మెలికలు

మాటను అక్షరాలలోకి మార్చినంత మాత్రాన అర్థం చేతికి రాదు. ‘చూద్దాం లెండి’ అని ఒక అధికారి అంటే అది హామీ కాదని, మర్యాదగా చెప్పిన నిరాకరణ అని తెలుగు పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. యంత్రం దానిని ‘పరిశీలిస్తామని అధికారి తెలిపారు’ అని నమోదు చేయవచ్చు. నిజానికి చాలామంది గుమాస్తాలు కూడా అలాగే నమోదు చేస్తారు; అయితే తెలిసి చేస్తారు. ఎండిపోయిన బోరుబావి వద్ద నిలబడి ‘బాగానే ఉంది సంబడం’ అన్న రైతు మాట సంతృప్తి ఖాతాలో చేరితే, ఆ సారాంశం అతని నోటి మాటతోనే అతనికి అన్యాయం చేసినట్టు.

మాండలికం విషయం ఇంకా సున్నితమైనది. తెలంగాణ స్త్రీ ‘మా గోస ఎవరికి చెప్పుకోవాలె’ అన్నప్పుడు ఆ ‘గోస’లో బాధ ఉన్నది, మొర ఉన్నది, విని పట్టించుకునేవారు లేరన్న నింద కూడా ఉన్నది. దాన్ని ‘ఇబ్బందులను వివరించారు’ అని మార్చితే అర్థంలో కొంత మిగులుతుంది గాని బరువు పోతుంది. అన్ని ప్రాంతాల, అన్ని కులాల నుడికారాన్నీ ఒకే కార్యాలయపు తెలుగులోకి దించివేయడం నిష్పక్షపాతంగా కనిపించే పక్షపాతం. ప్రామాణిక భాషలో ఇదివరకే మాట్లాడే అలవాటున్నవారు ఈ మార్పులో ఏమీ కోల్పోరు. లేనివారే కోల్పోతారు.

సభలోని మౌనాన్ని ఏ యంత్రమూ ముద్రించలేదు. మౌనం అర్ధాంగీకారమన్న సామెత పెళ్లి మాటలకు సరిపోవచ్చు గాని, పెత్తందార్లు ముందు వరసలో కూర్చున్న సభకు సరిపోదు. పైగా కెమెరా ఎదురుగా ఉన్నదన్న స్పృహ కొందరి నోటికి తాళం వేస్తుంది. సారా దుకాణం గురించో, భూమి ఆక్రమణ గురించో ఫిర్యాదు చేసిన మహిళ పేరు శాశ్వతమైన నివేదికలో చేరి నలుగురి చేతులలోకి పోతే ఆమెకు కలిగే కష్టం ఎవరిది? కొన్ని సందర్భాలలో మాటను నిలిపి పేరును మినహాయించడమే న్యాయం. ఎక్కడ ఏది తగినదో నిర్ణయించడానికి ఆ ఊరిని ఎరిగిన వివేకం కావాలి.

యంత్రం పక్షాన చెప్పవలసింది

ఇంతవరకు చెప్పినదంతా యంత్రం వద్దనడానికి కాదు. పూర్వపక్ష నియమాన్ని ఇక్కడ కూడా పాటించవలసి ఉన్నది.

మొదటిది, మనిషి రాసిన సారాంశం పవిత్రమైనదేమీ కాదు. సభ జరగకముందే తీర్మానాన్ని సిద్ధం చేసుకుని, ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు, వేలిముద్రలు సేకరించే అలవాటు కొన్ని చోట్ల ఉన్నదన్నది దాచవలసిన విషయం కాదు. యంత్రానికి ముఠా లేదు. వచ్చే ఎన్నికలలో ఎవరు నెగ్గితే తనకు మేలన్న ఆలోచన లేదు. జరగని సభకు ముద్రణ ఉండదు కనుక నివేదిక పుట్టించడం కష్టం. ఈ ఒక్క కారణంతోనే అది ఎన్నో గ్రామాలలో బలహీనుల పక్షాన నిలబడగలదు.

రెండవది, సారాంశం లేకపోవడం కూడా అన్యాయమే. కూలికి పోయి సభకు రాలేనివారు, పసిబిడ్డను వదలి రాలేని తల్లులు, వినికిడి తగ్గిన వృద్ధులు, వలస వెళ్లినవారు – వీరందరికీ మూడు గంటల ముద్రణ ఉన్నా లేనట్టే. వారికి కావలసింది రెండు పుటలు, తమ భాషలో, ఎవరినీ బతిమాలకుండా చదువుకోగలిగేటట్టు లేదా చదివించుకోగలిగేటట్టు. పూర్తి పాఠం చదవగల తీరిక ఉన్నవారికి మాత్రమే చర్చలో భాగం ఉండాలని పట్టుబట్టడం తీరిక ఉన్నవారి ప్రభుత్వాన్ని కోరడమే.

మూడవది, పంచాయతీ కార్యదర్శి మీద ఉన్న పని భారం. అనేక రిజిస్టర్ల మధ్య సతమతమయ్యే ఆ ఉద్యోగి సభలో రాసుకుంటూ కూర్చుంటే ఎదుటి మనిషి ముఖంలోకి చూసి వినే అవకాశం కోల్పోతాడు. రాత భారం తగ్గితే వినే బాధ్యతకు సమయం చిక్కుతుంది. ఆ మిగిలిన సమయాన్ని నిజంగా వినడానికే వెచ్చించాలన్నది ఇందులోని షరతు.

సారాంశకర్త పాటించవలసినది

మన కార్యాలయ సంప్రదాయంలోనే దీనికి మార్గదర్శకాలు ఉన్నాయి. ఫైలులో నోటు రాసే గుమాస్తా ప్రతి ముఖ్యాంశానికీ ఎదురుగా కరెంటు ఫైలులోని పుట సంఖ్యను వేస్తాడు. అవసరమైన చోట ఫ్లాగు పెడతాడు. పై అధికారికి అనుమానం వస్తే క్షణంలో మూలాన్ని తిరగవేసి చూడగలడు. నోటు చివర రాసినవాడి పొట్టి సంతకం, తేదీ ఉంటాయి. తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. విధేయతకు, జవాబుదారీకి ఇంతకన్నా సరళమైన ఏర్పాటు మరొకటి లేదు. యంత్రం రాసిన నివేదికకు కూడా ఈ రెండూ ఉండాలి. ప్రతి వాక్యమూ ముద్రణలో ఏ నిమిషం నుంచి తీసినదో చూపాలి. చివర ఒక మనిషి తన పేరుతో సంతకం చేయాలి. ‘యంత్రం అలా రాసింది’ అన్న సమాధానం ఏ విచారణలోనూ చెల్లరాదు.

పరిమాణాన్ని తెలిపే మాటలలో నిక్కచ్చితనం అవసరం. ‘కొందరు’, ‘పలువురు’, ‘అధిక సంఖ్యాకులు’ అనే మాటల వెనుక ఎంతో అసత్యం తల దాచుకోగలదు. లెక్కించగలిగిన చోట లెక్క చెప్పాలి. ఇద్దరంటే ఇద్దరనే రాయాలి. ఒక్కరే వ్యతిరేకిస్తే ఆ ఒక్కరి కారణం ప్రత్యేకంగా కనిపించాలి. ప్రతిపాదన, హామీ, నిర్ణయం అన్న మూడింటినీ ఒకదానితో ఒకటి కలపరాదు. సరిగా వినబడని చోట ఊహతో పూరించకుండా ‘వినబడలేదు’ అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. తెలియనితనాన్ని ఒప్పుకునే నివేదిక మీద నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, సారాంశం తిరిగి సభకు రావాలి. తదుపరి సమావేశం ఆరంభంలో గత సమావేశపు కార్యక్రమాలను చదివి ధ్రువీకరించడం మనం ఎరిగిన పద్ధతే. అనేక చోట్ల అది తంతుగా మారింది. యంత్రం వేగంగా రాయగలదు కనుక, సభ ముగియకముందే ఆ నివేదికను బిగ్గరగా చదివి వినిపించే అవకాశం ఇప్పుడు మొదటిసారి లభించింది. ‘నేనన్నది అది కాదు’ అని ఒకరు లేచి నిలబడితే ఆ దిద్దుబాటును కూడా నమోదు చేయాలి. చదువు రానివారికి సైతం తమ మాట కాగితంలో ఎలా చేరిందో తెలుసుకునే హక్కు అప్పుడు కలుగుతుంది. ఈ హక్కు ఇంతకాలం అక్షరాస్యుల సొత్తుగా మిగిలిపోయింది.

ఈ పద్ధతులను పాటించినప్పుడు యంత్రం సభకు మంచి లేఖకుడు కాగలదు. అధ్యక్ష స్థానం మాత్రం దానిది కాదు. ఏది ముఖ్యమన్న విషయంలో తుది మాట మాట్లాడినవారికీ, వినవలసిన బాధ్యత ఉన్నవారికీ చెందుతుంది. మంచి సారాంశానికి గీటురాయి దాన్ని చదివి పై అధికారి సంతోషించడం కాదు. సభలో నెగ్గినవారు తృప్తి చెందడం కూడా కాదు. సభలో తన మాట నెగ్గించుకోలేకపోయిన వ్యక్తి ఆ రెండు పుటలు విని, ‘నేను ఓడిపోయాను గాని, నేనన్నది మాత్రం ఇదే’ అని ఒప్పుకోగలగాలి. చార్వాకుడికి ఆ అవకాశం చిక్కలేదు. మన గ్రామసభలో చివరి వరసలో కూర్చున్న మనిషికి అది చిక్కేటట్టు చూడడం మన చేతిలో ఉన్నది.